ఆరా, ఇరవయ్యా?

ఒకటే సముద్రం, ఒకటే లోతు. పొద్దున ఇద్దరూ కలిసే దిగారు, కలిసే ఎక్కారు. అయినా పడవ బల్ల మీద పక్కపక్కనే పెట్టిన రెండు డైవ్ కంప్యూటర్లలో ఒకటి, మళ్లీ దిగితే పైకొచ్చే దారిలో ఆరు నిమిషాలు ఆగాలంటోంది, రెండోది ఇరవై అంటోంది.

ఆ తేడా పిట్టకి నచ్చలేదు.

పిట్ట ఆమె అసలు పేరు కాదు, బావ తగిలించిన పేరు. అక్కని పెళ్లి చేసుకున్న కొత్తలో ఈ మరదలికి నీళ్లలోకి దిగడం ఆయనే నేర్పాడు. మొదటి రోజు పైకొచ్చాక ఆమె సిలిండర్ మీటరు చూసి, ఈ పిల్ల గాలి పీల్చిందా, వాసన చూసి వదిలేసిందా అన్నాడు. పిట్ట కూడా ఇంతకన్నా ఎక్కువ పీలుస్తుందన్నాడు. అప్పటినుంచి రేవులో అందరికీ ఆమె పిట్టే. ఇప్పుడు ముగ్గురిదీ ఒకటే పడవ, ఒకటే పని. ప్రొపెల్లర్లకి చుట్టుకున్న తాళ్లు కోస్తారు, నీట మునిగిన సామాను వెతికి పైకి తెస్తారు. బావా మరదలూ దిగుతారు. అక్క పైన పడవ చూసుకుంటుంది.

ఈసారి మునిగింది ఫెర్రీ లంగరు. గొలుసు తెగి ముప్ఫై ఆరు మీటర్ల లోతున పడింది. పొద్దున దిగి అది ఎక్కడుందో కనిపెట్టారు, అక్కడ బరువు కట్టిన తాడు వేసి పైన గుర్తుగా బుంగ తేల్చారు. ఇప్పుడు మళ్లీ దిగి, లంగరుకి గాలిసంచులు కట్టి పైకి లేపాలి. సాయంత్రం ట్రిప్పులోపు లంగరు లేకపోతే ఫెర్రీ కదలదు. ఫెర్రీ సరంగు ఆ మాట మీద కూర్చుని, తోచినప్పుడల్లా హారన్ కొట్టి గుర్తు చేస్తున్నాడు.

"మీ అత్తగారు ఏమంటోంది?" అన్నాడు బావ, ఆమె కంప్యూటర్ వైపు గడ్డం ఎగరేసి.

అత్తగారంటే ఆ కంప్యూటరే. పిట్ట దాన్ని జాగ్రత్తపాలు కాస్త ఎక్కువగా ఉండేట్టు పెట్టుకుంది. అందుకని బావ కంప్యూటర్ కన్నా అది ఎప్పుడూ రెండు మూడు నిమిషాలు ఎక్కువ ఆగమంటుంది. ఊరికే సణుగుతుంది కాబట్టి అత్తగారు.

"ఇరవై అంటోంది బావా. మీది ఆరంటోంది. ఎప్పుడూ ఇంత తేడా ఉండదు."

"అత్తగార్లకి వయసు పెరిగేకొద్దీ నస పెరుగుతుంది" అన్నాడు బావ, నిమ్మకు నీరెత్తినట్టు.

నవ్వాలో మానాలో పిట్టకి తెలియలేదు. ఈ నిమిషాల సంగతి నవ్వులాట కాదని ఆ పాఠం చెప్పినవాడూ ఆయనే. లోతుకి వెళ్లినవాడి ఒంట్లోకి నైట్రోజన్ పడుతుంది, బట్టకి తడి పట్టినట్టు. ఎంత లోతు, ఎంతసేపు అన్నదాన్ని బట్టి అంత తడి. పైకొచ్చేటప్పుడు దారిలో ఆగి, ఆ తడి ఆరనివ్వాలి. ఆగకుండా వచ్చేస్తే అది రక్తంలోనే బుడగలు కడుతుంది. బుడగ కీలులో చేరితే నొప్పి. వెన్నులో చేరితే కాళ్లు పడిపోతాయి. పైకొచ్చాక కూడా ఒళ్లు పూర్తిగా ఆరడానికి గంటలు పడుతుంది. అంటే మధ్యాహ్నం దిగేవాడి ఒంట్లో పొద్దుటి తడి ఇంకా మిగిలే ఉంటుంది. ఆ లెక్కంతా మనిషి బదులు మణికట్టు మీదున్న యంత్రం గుర్తుపెట్టుకుంటుంది.

"పొద్దున మీదాన్లో బ్యాటరీ గుర్తు మెరిసింది కదా" అంది పిట్ట. నెల రోజులుగా మెరుస్తూనే ఉంది. ఎవరేమన్నా ఇంకా ఉందిలే అనడమే బావ వరస.

బావ దాన్ని ఎత్తి చూపించాడు. గుర్తు లేదు. "ఎండలో పెట్టాను, కోలుకుంది. యంత్రాలు కూడా నా మాట వింటాయి, మీ అక్కచెల్లెళ్లు తప్ప."

పడవ వెనకవైపు అక్క అద్దాలు తుడుస్తోంది. ఆ మాట విని తల వంచుకుని తనలో తను నవ్వుకుంది. అక్క అంతే. నోట్లో నాలుక లేని మనిషి అనుకుంటారు గానీ, మొగుడు వద్దన్న ప్రతి పనీ ఆయన చూడకుండా చేసిపెడుతుంది. అరిగిన పట్టీ తెల్లారేసరికి కొత్తదై ఉంటుంది. చిరిగిన సూటుకి కుట్టు పడి ఉంటుంది. చెప్పి చేస్తే వెక్కిరిస్తాడు కాబట్టి చెప్పకుండా చేస్తుంది.

బావ తన లెక్కే ఖాయం చేశాడు. కింద ఇరవై నిమిషాలు, ఆరు మీటర్ల దగ్గర ఆరు నిమిషాల మజిలీ, ఆ లెక్కనే ఇద్దరికీ గాలి. మజిలీ దగ్గర వేలాడదీసే అదనపు సిలిండర్ ఇంత చిన్న పనికి దండగన్నాడు. పిట్ట నోటిదాకా వచ్చిన మాటని మింగింది. గురువుకి ఎదురు చెప్పే అలవాటు ఆ పడవలో ఎవరికీ లేదు.

*

కింద నీళ్లు మసకగా ఉన్నాయి. లంగరు బురదలో సగం కూరుకుపోయి, ఒక పక్కకి ఒరిగి ఉంది. దాని కొక్కేనికి షాకిల్ అనే ఇనుప కడియం బిగించడం రెండు నిమిషాల పని అనుకున్నారు. షాకిల్ పిన్ను బురద పట్టి మరలోకి ఎక్కలేదు. బావ రెండు కాళ్లూ లంగరుకి అడ్డంపెట్టి తిప్పాడు. ఆయన నోటినుంచి బుడగలు గుంపులు గుంపులుగా లేచాయి. బరువు పనికి మనిషి రెట్టింపు గాలి తాగేస్తాడు. పిట్ట మీటరు వైపు వేలు చూపించింది. బావ చూడలేదు. పిన్ను ఎక్కేసరికి అనుకున్న సమయం దాటిపోయింది.

సంచుల్లోకి గాలి ఊదారు. లంగరు బురదని చీల్చుకుని, ఒళ్లు విరుచుకున్న ఎద్దులా లేచింది, వాళ్లని దాటి పైకి పోయింది. బావ సున్నా చుట్టి చూపించాడు. నీళ్లలో చూపుడువేలూ బొటనవేలూ కలిపితే అంతా బాగుందని. బొటనవేలు పైకెత్తితే పైకి పోదామని. అరచేయి చాపితే ఆగమని.

తాడు పట్టుకుని ఆరు మీటర్ల దగ్గరికి చేరి ఆగారు. ఆలస్యం కలిసి బావ కంప్యూటర్ ఇప్పుడు తొమ్మిది నిమిషాలంది. పిట్టది ముప్ఫైకి దగ్గరలో ఉంది. ఆమె తల ఎత్తి చూసింది. పైన వాళ్ల పడవ నీడ లేదు. లంగరు తేలగానే అక్క దాన్ని లాక్కుంటూ ఫెర్రీ దగ్గరికి వెళ్లి ఉంటుంది. అది కూడా ముందే అనుకున్నదే.

తొమ్మిది నిమిషాలు గడిచాయి. బావ తెర మీద మజిలీ చెరిగిపోయింది. ఆయన బొటనవేలు పైకెత్తాడు.

పిట్ట అరచేయి చాపి, తన తెర ఆయన ముందు పెట్టింది. ఇంకా ఇరవై ఒకటి. బావ కళ్లు అద్దం వెనక నవ్వాయి. చేత్తో కొంగు సర్దుకుంటున్నట్టు అభినయించాడు. అత్తగారు. మళ్లీ బొటనవేలు. తాడు వదిలేసి ఆయన పైకి కదిలాడు.

ఒక్క క్షణం పిట్ట అక్కడే ఉండిపోయింది. ఆయనకి వేల డైవుల అనుభవం. ఆమెకి ఉన్నది ఒట్టి భయం. ఏది నమ్మాలి?

పైన ఫెర్రీ హారన్ మోగింది. నీళ్లలో ఆ శబ్దం ఏ దిక్కునుంచి వస్తోందో తెలియదు, పుర్రెలోంచే వచ్చినట్టుంటుంది. పిట్ట ఎగిరి బావ కాలి ఫిన్ను పట్టుకుంది. అప్పటికే ఆయన రెండు మీటర్ల దాకా వెళ్లిపోయాడు. నీటి పైకప్పు చేయి చాపితే అందేట్టుంది. బావ కాలు విదిలించాడు. ఆమె వదల్లేదు. ఆయన మీదకి పాకి, మణికట్టు దొరకబుచ్చుకుంది. చెయ్యి ఆపడానికే పట్టుకుంది గానీ, అప్పుడు తెర కళ్లకి మరీ దగ్గరగా వచ్చింది.

తెర మూలన గడియారం ఉంది. అర్ధరాత్రి దాటి ఒంటిగంట అయినట్టు చూపిస్తోంది.

పైన మిట్టమధ్యాహ్నపు ఎండ కాస్తోంది.

పిట్ట బుర్రలో ఒకటొకటిగా అన్నీ వచ్చి కూర్చున్నాయి. మాయమైన బ్యాటరీ గుర్తు. భోజనమయ్యాక తను సిలిండర్లు సర్దుతుంటే వెనకనుంచి అక్క గొంతు: చిల్లర కాసు ఏదన్నా ఉంటే ఇటివ్వవే. వెనక్కి చూడకుండానే ఇచ్చింది. ఆ పాత రకం కంప్యూటర్ మూతకి అడ్డంగా ఒక గాడి ఉంటుంది. దాన్ని కాసుతోనే తిప్పుతారు.

అక్క బ్యాటరీ మార్చింది. ఎప్పటిలాగే, చెప్పకుండా.

పాత బ్యాటరీ తీసిన క్షణంలో ఆ యంత్రం పొద్దున్న మొత్తాన్నీ మర్చిపోయింది. దాని లెక్కలో అది ఇప్పుడే పుట్టింది, గడియారం కూడా సున్నా నుంచి మొదలైంది. దాన్ని కట్టుకున్న మనిషి ఒళ్లు పొడిబట్ట. ఇద్దరి కంప్యూటర్లకీ అంత తేడా అందుకే వచ్చింది. అత్తగారు సణగలేదు. నిజం చెప్పింది.

పిట్ట తొడ జేబులోంచి నీళ్లలో రాసే పలక తీసింది. గబగబా రాసింది. 'గడియారం చూడండి. అక్క బ్యాటరీ మార్చింది. పొద్దుటి డైవ్ దానికి గుర్తు లేదు.'

బావ చదివాడు. మణికట్టు చూసుకున్నాడు. మళ్లీ చదివాడు. ఆయన కళ్లల్లో ధీమా ఉండడమే గానీ లేకపోవడం పిట్ట ఎప్పుడూ చూడలేదు. ఇప్పుడు చూసింది. బావ తాడు పట్టుకుని ఆమెతో పాటు ఆరు మీటర్లకి దిగాడు.

ఇక గాలి సంగతి. నిండు సిలిండర్‌లో రెండొందల బార్ ఉంటుంది, ఆయన మీటరులో ముప్ఫై. ఆమెదాన్లో అరవై. పిట్ట కళ్లు మూసుకుని లెక్క కట్టింది. ఇద్దరిదీ కలిపినా మజిలీ పూర్తి కాకుండానే అయిపోతుంది. పైకెళ్తే బుడగలు, ఇక్కడుంటే ఊపిరాడదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటే ఇదే.

దీనికో మందు ఉంది. పసుపు బుంగ. నీళ్లలోంచి నారింజ బుంగ పైకొస్తే మేమిక్కడున్నామని అర్థం. పసుపుది వస్తే గాలి పంపమని. అది బావ నడుముకే తగిలించి ఉంటుంది గానీ ఇన్నేళ్లలో ఒక్కసారీ విప్పలేదు. పసుపు రంగు పిరికివాళ్లదని ఆయన వేళాకోళం.

పిట్ట చెయ్యి చాపింది. బావ ఒక్క క్షణం ఆగి, తనే విప్పి ఇచ్చాడు.

పలకకి రెండో వైపు రాసింది: 'సిలిండర్ పంపు. ఇరవై నిమిషాలు ఆగాలి.' దాన్ని బుంగకి కట్టి, ఊది వదిలింది. సన్నతాడు జరజరా జారి, పైన నీటి పైకప్పు చీలింది. అంతే. ఆ తర్వాత ఉలుకూ లేదు పలుకూ లేదు.

అక్క ఫెర్రీ పక్కన ఉంటుంది. లంగరు తాళ్లు అందిస్తూ ఉంటుంది. అంటే ఇటు వీపు. ఎంతసేపటికి తిరుగుతుంది? మళ్లీ హారన్ మోగింది, ఈసారి పొడుగ్గా. తన లంగరు తనకి దక్కాక కూడా ఆ సరంగుకి తొందరేమిటో పిట్టకి అర్థం కాలేదు. కోపంతో పళ్లు బిగిస్తే నోట్లో గాలి అందించే రెగ్యులేటర్ రబ్బరు కటుక్కుమంది. హారన్ ఆగలేదు.

బావ తన మీటరు చూపించాడు. ముల్లు ఎర్రగీత దాటి అడుక్కి పోతోంది. పిట్ట తన రెండో రెగ్యులేటర్ ఆయన నోటికి అందించింది. ఒకే సిలిండర్ మీద ఇప్పుడు ఇద్దరు. ఆమె పిట్ట, ఆయన ఎద్దు. ఆమె ఆయన భుజం మీద చెయ్యి వేసి, తను ఊపిరి తీసినప్పుడల్లా మెల్లగా నొక్కింది. ఆ వరసకి ఆయన ఊపిరి వరస కలిపాడు. ఒకప్పుడు అలా భుజం నొక్కి ఊపిరి నేర్పింది ఆయనే.

ఆమె మీటరు ముల్లూ అడుక్కి దగ్గరపడింది. పద్నాలుగు నిమిషాలు మిగిలాయి. ఇక తెర చూడకూడదనుకుంది. చూసింది. పదమూడు.

పైన ఇంజను చప్పుడు. నీడ ఒకటి వచ్చి వెలుతురుని కప్పింది. సన్నతాడు వెంట పచ్చని సిలిండర్ ఒకటి ఊగుతూ దిగింది. దాని మెడకి పలక కట్టి ఉంది. తడి అక్షరాలు: 'ఏమైంది? ఆయన బాగున్నారా?'

బావ ముందు కొత్త సిలిండర్ గాలి అందుకున్నాడు. తర్వాత పెన్సిల్ తీసుకుని తనే రాశాడు: 'బాగున్నాను. టీ పెట్టు.'

*

పైకొచ్చాక తెలిసింది హారన్ సంగతి. పసుపు బుంగని ముందు చూసింది సరంగు. అక్క ఎంతకీ తిరగకపోతే, తిరిగేదాకా హారన్ మీద చెయ్యి తీయలేదట. బావ ఫెర్రీ వైపు తిరిగి దండం పెట్టాడు. ఒంటి చేత్తో.

పిట్ట అది గమనించింది.

అక్క మొహంలో నెత్తురుచుక్క లేదు. బ్యాటరీ సంగతి పిట్ట చెప్పకముందే తనే చెప్పేసింది. మెరుస్తోందని మార్చానంది, తెర మీద ఏవో అంకెలు అడిగితే అవి పోయేదాకా మీట నొక్కానంది. మేలు చేశాననుకున్నానంది. బావ పగలబడి నవ్వాడు. ఏమీ కాలేదు కదా, మజిలీ పూర్తి చేసే వచ్చాం కదా, గుండ్రాయిలా కూర్చున్నాను చూడమన్నాడు. ఎంత బాగా నవ్వాడంటే అక్కకి రంగు తిరిగి వచ్చింది. ఆమె టీ తేవడానికి వెళ్లింది.

కుడిచేతి వాటం బావ టీ గ్లాసు ఎడమచేత్తో అందుకున్నాడు. కుడిచెయ్యి ఒళ్లో ఉంది, తనది కానట్టు.

అక్క ఇంజను వైపు వెళ్లగానే పిట్ట ఆయన పక్కన కూర్చుంది. "ఎప్పట్నించి?"

"ఏది?"

"భుజం."

"ఆ పిన్ను తిప్పిన చెయ్యి. పట్టేసి ఉంటుంది."

రెండు మీటర్ల దగ్గర ఆయన ఎంతసేపున్నాడో ఇద్దరికీ తెలుసు. బావ గొంతు తగ్గించాడు. "ఇప్పుడు చెప్పానంటే మీ అక్క తట్టుకోదే. తన చేతులతో తనే చేశాననుకుంటుంది, జన్మంతా. రేపటికి తగ్గిపోతుంది."

"కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయా?"

ఆయన చూపు కుడికాలి మీదకి పోయింది.

ఇన్నేళ్లూ ఈ పడవ మీద ఇదే జరిగింది. ఒకరి మనసు నొచ్చుకుంటుందని ఇంకొకరు మాట మింగడం. అక్క చెప్పకుండా మూత తిప్పింది. తను ఇరవై అని ఒకసారి అని ఊరుకుంది. ఇప్పుడు ఈయన.

"బావా, చెబితే అక్క ఏడుస్తుంది. చెప్పకపోతే మిమ్మల్ని జన్మంతా మోస్తుంది. మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?"

బావ గ్లాసు కింద పెట్టాడు. గ్లాసు ఒరిగి టీ ఒలికింది. ఆ తర్వాత తల ఎత్తి, ఇంజను హోరులోనూ వినబడేంత గట్టిగా అన్నాడు:

"ఇదిగో, నాకు బాగాలేదు. భుజం నొప్పిగా ఉంది. కుడికాలు తిమ్మిరిగా ఉంది."

అక్క ఏడవలేదు. గిరుక్కున స్టీరింగ్ తిప్పింది. పడవ ఫెర్రీకి వీపు చూపించి రేవు వైపు దూసుకుపోయింది. పిట్ట బావని వెల్లకిలా పడుకోబెట్టి, ఆక్సిజన్ మాస్కు మొహానికి తగిలించింది. దారిపొడుగునా అక్క వెనక్కి తిరిగి అడుగుతూనే ఉంది, వేళ్లు కదిలించండి, ఏదీ కదిలించండి అని. మొగుణ్ని ఆ గొంతుతో ఆమె ఆజ్ఞాపించడం పిట్ట ఎప్పుడూ వినలేదు. బావ కదిలించాడు, మొదట ఎడమకాలివి. కుడికాలివి కదలడానికి కొంచెంసేపు పట్టింది.

*

ఆసుపత్రిలో ఒంట్లో బుడగలు కరిగించే గది ఒక పెద్ద ఇనుప పీపాలా ఉంది. మనిషిని లోపల పడుకోబెట్టి, మళ్లీ లోతుకి తీసుకెళ్లినంత ఒత్తిడి పెట్టి, చాలా నిదానంగా పైకి తెస్తారు. బావ ఈసారి మజిలీలన్నీ పూర్తిగా చెయ్యాల్సిందే. ఇంకాస్త ఆలస్యమైతే ఆ కాలి సంగతి చెప్పలేకపోయేదాన్నని డాక్టరమ్మ అంది. ఇప్పుడు నడుస్తాడంది. ఇవాళ ఒక్కసారితో సరిపోదు, ఇంకా కొన్నిసార్లు రావాలంది.

అక్క బావ కంప్యూటర్ని అరచేతిలో పెట్టుకుని బెంచీ మీద కూర్చుంది. దాని తెర నిర్మలంగా ఉంది. మనిషి సిద్ధం, ఎప్పుడంటే అప్పుడు దిగొచ్చు అంటోంది.

"ఇది ఎంత నమ్మకంగా చెబుతోందో చూడు" అంది.

"అచ్చం బావలా" అంది పిట్ట.

అక్కకి నవ్వొచ్చింది. నవ్వు మధ్యలో కళ్లు తుడుచుకుంది. కాసేపటికి లేచి పీపా దగ్గరికి వెళ్లింది. పిట్టా వెనకే వెళ్లింది. పక్కనున్న గుండ్రటి అద్దంలోంచి బావ కనిపించాడు. ఆయన వీళ్లని చూసి, కుడిచెయ్యి మెల్లగా ఎత్తాడు. చెయ్యి లేచింది. బావ బొటనవేలు పైకి పెట్టాడు. ఇంక చాలు, పైకొచ్చేస్తాను.

పిట్ట కదలకముందే అక్క అద్దానికి అరచేయి ఆనించింది. వేళ్లు బారుగా చాపి, అలాగే ఉంచింది.

ఆగండి.

బావ ఆ చేతిని చూశాడు. బొటనవేలు మడిచాడు. చూపుడువేలు దానికి కలిపి, వంకర సున్నా ఒకటి చుట్టాడు.